రెండు నాణేలు వేస్తే సగమా, మూడోవంతా?

ప్రశ్న: 7వ తరగతికి సంభావ్యత మొదలుపెట్టాను. రెండు నాణేలు వేస్తే రెండూ బొమ్మలు, రెండూ బొరుసులు, చెరొకటి అని మూడు రకాలే కాబట్టి ఒక్కోదానికీ మూడోవంతు అంటున్నారు పిల్లలు. బోర్డు మీద బొమ్మ–బొమ్మ, బొమ్మ–బొరుసు, బొరుసు–బొమ్మ, బొరుసు–బొరుసు అని నాలుగూ రాసి చూపించినా నమ్మడం లేదు. ఎలా చెప్పాలి?
– ఒక గణిత ఉపాధ్యాయిని

జవాబు: బోర్డు మీద ఒప్పించడం కష్టమేనండి. ఫ్రెంచి గణితవేత్త దలాంబేరే 1754లో ఇలాంటి లెక్క తప్పాడు. నాణెం రెండుసార్లు ఎగరేస్తే కనీసం ఒక బొమ్మ పడే సంభావ్యత 3/4. మొదటిసారే బొమ్మ పడితే ఆట అయిపోయినట్టే కదా అని ఆయన మూడు ఫలితాలే (బొమ్మ, బొరుసు–బొమ్మ, బొరుసు–బొరుసు) లెక్కపెట్టి 2/3 అన్నాడు. మీ పిల్లలు మూడు రకాలనడం సరైనదే. ఆ మూడూ సమసంభవాలు, అంటే మూడింటికీ సమాన అవకాశం ఉంది అనుకోవడం దగ్గర పొరపాటు వస్తోంది.

ముందు 40 సార్లు వేస్తే ఏది ఎన్నిసార్లు పడుతుందో అందరిచేతా రాయించండి. జట్టుకి ఒక స్టీలు గ్లాసు, ఒక తెల్ల రూపాయి బిళ్ళ, ఒక పసుపురంగు ఐదు రూపాయల బిళ్ళ ఇవ్వండి. గ్లాసులో గిలకరించి, నేల మీద పరిచిన తుండుగుడ్డ మీద బోర్లించాలి. బల్ల మీద గిర్రున తిప్పనివ్వకండి, అలా తిప్పితే కొన్ని నాణేలు ఒకవైపే ఎక్కువ పడతాయి. గుడ్డ దాటి దొర్లింది లెక్కలోకి రాదని ముందే చెప్పాలి, లేదంటే నచ్చనివాటినే వదిలేస్తారు. రూపాయి బొమ్మ–ఐదు బొరుసుకి ఒక గడి, రూపాయి బొరుసు–ఐదు బొమ్మకి వేరే గడి, మొత్తం నాలుగు గళ్ళు గీయించండి.

20 సార్లతో మాత్రం ఆపకండి. 'చెరొకటి' 10 రావాల్సిన చోట 7 రావడం మామూలే. 7 మూడోవంతుకి దగ్గర కాబట్టి పిల్లల మాటే నెగ్గినట్టవుతుంది. పది జట్లు 40 చొప్పున వేసి కలిపితే 400. వాళ్ళ లెక్కన 'చెరొకటి' 133 రావాలి, మన లెక్కన 200. సాధారణంగా 180కీ 220కీ మధ్య వస్తుంది. సరిగ్గా 200 రాలేదని అంకెలు దిద్దొద్దు. నాలుగు గళ్ళూ ఇంచుమించు వందేసి నిండడం పిల్లలే చూస్తారు. "రంగులు వేరు కాబట్టి అలా వచ్చింది" అనేవాళ్ళుంటారు, మంచి సందేహం అది. రెండూ రూపాయి బిళ్ళలే ఇచ్చి మళ్ళీ వేయించండి. 'చెరొకటి' సగం దగ్గరే ఉంటుంది.

ప్రశ్న: రెండే ఫలితాలుంటే సగం–సగం అని చెప్పేయొచ్చా?

జవాబు: వద్దండి. గవ్వ వేయించండి. వెల్లకిలా, బోర్లా రెండే ఉన్నా అవి సమానంగా పడాలని లేదు, గవ్వకీ గవ్వకీ తేడా కూడా ఉంటుంది. అందుకే గవ్వకి స్కెచ్ పెన్నుతో నంబరు వేసి, ఒక్కదాన్నే 100 సార్లు వేయాలి. 38 సార్లు వెల్లకిలా పడితే ఆ గవ్వకి 38/100 అంచనా మాత్రమే, ఇంకో వంద వేస్తే 33 రావచ్చు.

తర్వాత అష్టాచెమ్మాకి రండి. నాలుగు నాణేలైతే అన్నీ బొమ్మలు పడటం 1/16, అన్నీ బొరుసులు పడటమూ 1/16. గవ్వలతో నాలుగూ వెల్లకిలా పడే చెమ్మా, నాలుగూ బోర్లా పడే అష్టా ఇలా సమానంగా ఉండాల్సిన పని లేదు. ఏది అరుదో ఊహ రాయించి, గవ్వలు వేయించి తేల్చండి. రెండూ అరుదే కాబట్టి ఒక జట్టు వేసిన వంద చాలదు, తరగతి మొత్తం లెక్కలూ కలపాలి.