మాల్దీవులా, అండమానా? చీటీ పాడే ముందు ఎల్‌టీసీ లెక్క చూసుకోండి

ప్రశ్న: హైదరాబాద్‌లోని ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో పనిచేస్తున్నాను. సొంత ఊరు కోనసీమలో ఉంది. కోతలన్నీ పోగా నా చేతికి 62,000 రూపాయలు వస్తాయి. ప్రైవేటు పాఠశాలలో బోధించే నా భార్య జీతం 16,000. అద్దె, ఫీజులు, ఇంటి ఖర్చులు కలిపి 56,000 అవుతాయి. నెలకు 5,000 సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలవారీ పెట్టుబడి), 10,000 చీటీ కట్టాక ఏడు వేలు మిగులుతాయి. వచ్చే ఫిబ్రవరికి మా పెళ్లై పదిహేనేళ్లు నిండుతాయి. అప్పటికి ఇంకా పది నెలల సమయముంది. పిల్లలకు (12, 8 ఏళ్లు) సముద్రం మధ్యలో ఉండే దీవి చూపించాలని మా ఇద్దరి కోరిక. మాల్దీవులకు నలుగురికి నాలుగు రాత్రుల ప్యాకేజీ 3.4 లక్షలని, పన్నెండు నెలల్లో వడ్డీ లేకుండా కట్టవచ్చని ఒక ఏజెంటు చెబుతున్నారు. బ్యాంకు నుంచి 14 శాతం వడ్డీకి 3 లక్షల పర్సనల్ లోన్ తీసుకోవాలా? 20 నెలల 2 లక్షల చీటీలో ఇంకా తొమ్మిది నెలలు ఉన్నాయి, దాన్ని ఇప్పుడే పాడుకోవాలా? లేక 1.5 లక్షల ఎఫ్‌డీ తీయాలా? అండమాన్ వెళ్దామని, ఊళ్లో ఉన్న మా అమ్మను కూడా తీసుకెళ్దామని నా భార్య అంటోంది. అమ్మకు నెలకు 4,000 వితంతు పింఛను తప్ప వేరే ఆదాయం లేదు. ఎల్‌టీసీ (సెలవులో ప్రయాణానికి ప్రభుత్వం చార్జీ ఇచ్చే సౌకర్యం) నేనెప్పుడూ వాడుకోలేదు, ఊరికి బస్సులోనే వెళ్లివస్తుంటాం.

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన మాటను మీరు చిట్టచివర, అదేదో అప్రధానమైన సంగతి అన్నట్టు రాశారు. మీరు అడిగిన మూడు దారుల్లో దేన్నీ నేను సిఫారసు చేయను. మీరు ఎన్నడూ ముట్టుకోని ఆ ఎల్‌టీసీ మీద ఆధారపడి అండమాన్‌కు వెళ్లమని చెబుతాను. ఎందుకో చెప్పడానికి ముందు, మీరు ఇప్పటికే సగం మనసు పెట్టుకున్న మాల్దీవుల లెక్క చూద్దాం.

మీకు నెలకు మిగిలేది ఏడు వేలు. ఏజెంటు చెప్పిన పన్నెండు వాయిదాలు ఒక్కొక్కటి 28,000 దాటుతాయి. 14 శాతం వడ్డీకి 3 లక్షల రుణాన్ని రెండేళ్లకు తీసుకున్నా నెలకు సుమారు 14,400 కట్టాలి, అంటే మీ మిగులుకు రెట్టింపు. వడ్డీగానే దాదాపు 45,700 పోతుంది, ప్రాసెసింగ్ రుసుము దానికి అదనం. ఇక వడ్డీ లేని వాయిదాల సంగతికొస్తే, ఆ ఏజెంటును ఒకే ప్రశ్న అడగండి: మొత్తం డబ్బు ఒకేసారి కడితే ఎంతకు ఇస్తారు? ఆయన చెప్పే ధరకూ 3.4 లక్షలకూ మధ్య ఉన్న తేడాయే మీ వడ్డీ, దానికి పేరు మాత్రం వేరుగా పెట్టారు.

ప్యాకేజీ ధర వెనుక ఇంకా కొన్ని ఖర్చులుంటాయి. మాల్దీవుల ప్రభుత్వం 2025 జనవరి నుంచి హరిత పన్నును రెట్టింపు చేసి, పెద్ద రిసార్టుల్లో మనిషికి రాత్రికి 12 డాలర్లు వసూలు చేస్తోంది. మీ నలుగురికి నాలుగు రాత్రులకు ఇదే 192 డాలర్లు అవుతుంది. పర్యాటక సేవలపై అక్కడి జీఎస్టీ 2025 జూలై నుంచి 17 శాతానికి పెరిగింది. విమానాశ్రయం నుంచి దీవికి చేర్చే స్పీడ్‌బోటు లేదా సీప్లేన్ చార్జీ ప్యాకేజీలో ఉందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోవాలి. భారతీయులకు వీసా అక్కడ దిగాక ఉచితంగానే ఇస్తారు కాని, మీ ఇంట్లో ఎవరికీ పాస్‌పోర్టు లేకపోతే పెద్దలకు 1,500 చొప్పున, పిల్లలకు 1,000 చొప్పున మరో ఐదు వేలు కావాలి. విదేశీ ప్యాకేజీ మీద ఇక్కడ టీసీఎస్ (అమ్మేటప్పుడే ముందుగా వసూలు చేసే ఆదాయపన్ను) కూడా కట్టించుకుంటారు. రిటర్ను వేస్తే ఆ డబ్బు సర్దుబాటవుతుంది గాని, అప్పటిదాకా అది మీ జేబులో ఉండదు. పైగా ఈ ధరలో మీ అమ్మగారు లేరు.

ఇప్పుడు అండమాన్ సంగతి చూద్దాం. స్వగ్రామానికి వెళ్లే ఎల్‌టీసీకి బదులుగా ఈశాన్య రాష్ట్రాలు, జమ్మూకశ్మీర్, లద్దాఖ్, అండమాన్ నికోబార్ దీవుల్లో ఏదో ఒకచోటికి వెళ్లే వీలును కేంద్రం 2014 సెప్టెంబరులో ఇచ్చి, రెండేళ్లకోసారి పొడిగిస్తూ వస్తోంది. విమానంలో ప్రయాణించే అర్హత లేని ఉద్యోగులు కూడా ఈ వెసులుబాటు కింద చెన్నై, కోల్‌కతా లేదా విశాఖపట్నం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు ఎకానమీ తరగతిలో విమానంలో వెళ్లవచ్చు. హైదరాబాద్ నుంచి ఆ నగరానికి మాత్రం మీ అర్హతకు తగిన రైలు తరగతిలో వెళ్లాలి. (2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ పేరును శ్రీ విజయపురం అని మార్చారు. టికెట్ల మీద రెండు పేర్లూ కనిపిస్తే కంగారు పడకండి.) హైదరాబాద్ నుంచి నేరుగా వెళ్లే విమానం ఎక్కాలనుకుంటే, చార్జీలో ఎంతవరకు ఇస్తారో ముందుగానే మీ కార్యాలయం నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.

ఈ మార్పిడికి ఉన్న ముఖ్యమైన షరతు, ఉద్యోగం చేసే చోటు, సర్వీసు రికార్డులో రాసిన స్వగ్రామం ఒకటే కాకూడదన్నది. మీ రికార్డులో స్వగ్రామంగా కోనసీమలోని ఊరే ఉందని అనుకుంటున్నాను. ఉద్యోగంలో చేరిన రోజు ఆ గడిలో ఏం రాశారో చాలామందికి గుర్తుండదు, కాబట్టి ఈ వారంలోనే చూసుకోండి. ప్రయాణ తేదీ అమల్లో ఉన్న పొడిగింపు ఉత్తర్వు గడువు లోపల పడుతోందో లేదో కూడా పరిపాలన విభాగంలో అడగండి. ఫిబ్రవరి గడువు బయట పడితే కొత్త ఉత్తర్వు వచ్చేదాకా టికెట్లు కొనకండి.

అమ్మగారి విషయంలో మీ భార్య చెప్పిందే సరైనది. పూర్తిగా మీ మీద ఆధారపడిన తల్లిదండ్రులు మీతో కలిసి ఉండకపోయినా ఎల్‌టీసీ నిబంధనల ప్రకారం కుటుంబ సభ్యులే. కనీస కుటుంబ పింఛను 9,000, దానిపై కరవు ఉపశమనం కలిపితే వచ్చే మొత్తానికి లోపల ఆదాయం ఉన్నవారిని ఆధారపడినవారిగా లెక్కిస్తారు. నెలకు నాలుగు వేల పింఛను ఆ హద్దుకు చాలా దిగువన ఉంది. సర్వీసు రికార్డులో కుటుంబ సభ్యుల జాబితాలో ఆమె పేరు లేకపోతే ముందు అది చేర్పించండి.

ప్రభుత్వం ఇచ్చేది ప్రయాణ చార్జీ మాత్రమే, బస, భోజనం, అక్కడ తిరగడం మీ ఖర్చు. చెన్నై నుంచి రానుపోను మనిషికి 14,000 అనుకుంటే ఐదుగురికి 70,000 అవుతుంది, అందులో 90 శాతం, అంటే 63,000 ముందుగానే అడ్వాన్సు తీసుకోవచ్చు. అడ్వాన్సు తీసుకున్న పది రోజుల్లో టికెట్లు చూపాలి. దీనితోపాటు పది రోజుల ఆర్జిత సెలవును నగదుగా మార్చుకునే హక్కు మీకుంది, సర్వీసు మొత్తంలో అలా అరవై రోజుల వరకు మార్చుకోవచ్చు. మూల వేతనం, కరవు భత్యం కలిపి మీకు నెలకు 66,000 ఉంటే, పది రోజులకు 22,000 వస్తుంది. కొత్త పన్ను విధానంలో ఎల్‌టీసీకి మినహాయింపు లేదు గనుక ఈ మొత్తాలు ఆదాయంలో కలుస్తాయి. అయితే వీటిని కలిపాక కూడా మీ ఏడాది జీతం 12.75 లక్షలు దాటకపోతే ఆ విధానంలో మీరు కట్టాల్సిన పన్నేమీ ఉండదు.

చాలామంది ఇక్కడే ఒక పొరపాటు చేసి డబ్బు పోగొట్టుకుంటారు. విమాన టికెట్లను బామర్ లారీ, అశోక్ ట్రావెల్స్, ఐఆర్‌సీటీసీ అనే మూడు సంస్థల ద్వారా మాత్రమే కొనాలి. హోటల్, కారు, విమానం అన్నీ కలిపి ఒకే రసీదు ఇచ్చే ప్రైవేటు ప్యాకేజీ తీసుకుంటే, అందులోని విమాన చార్జీ మీకు తిరిగి రాదు. నా దగ్గరకు వచ్చిన ఒక ఉద్యోగి ప్యాకేజీలో ఎనిమిది వేలు ఆదా అయిందని సంబరపడి, అలాగే అరవై వేలకు పైగా వదులుకున్నారు. టికెట్లు వేరుగా, మిగతా ఏర్పాట్లు వేరుగా చేసుకోండి.

మిగతా ఖర్చుకు నా అంచనా ఇది. ధరలు సీజనును బట్టి మారతాయి కాబట్టి దీన్ని పై హద్దుగా చూడండి. రాత్రికి 3,500 చొప్పున రెండు గదులకు ఆరు రాత్రులకు 42,000 అవుతుంది. పోర్ట్ బ్లెయిర్ నుంచి స్వరాజ్ ద్వీప్ (పాత పేరు హేవ్‌లాక్), అక్కడి నుంచి షహీద్ ద్వీప్ (నీల్), మళ్లీ వెనక్కి, ఈ మూడు పడవ ప్రయాణాలకు ఐదుగురికి 24,000 పడుతుంది. ప్రభుత్వ ఫెర్రీ దొరికితే ఇందులో చాలా భాగం మిగులుతుంది. కార్లకు 22,000, భోజనాలకు 24,500, నీటి క్రీడలకూ ప్రవేశ రుసుములకూ 15,000 పెట్టుకోండి. అనుకోని ఖర్చుకు మరో 12,500 కలిపితే మొత్తం 1,40,000 అవుతుంది. తెలుగువారు ఎంతోమంది స్థిరపడిన చోటు కాబట్టి అమ్మగారి భోజనం గురించి దిగులు పడనక్కర్లేదు. తిరుగు విమానానికి ముందు రాత్రి తప్పనిసరిగా పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండండి. సముద్రం అల్లకల్లోలంగా ఉండి పడవ రద్దయితే, ఐదు టికెట్ల నష్టం ముందు ఒక రాత్రి హోటల్ అద్దె లెక్కలోకి రాదు. 2020లో చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ వేశాక అక్కడ ఇంటర్నెట్ మెరుగుపడింది గాని, చిన్న దీవుల్లో ఫోన్ చెల్లింపులనే పూర్తిగా నమ్ముకోకుండా కొంత నగదు ఉంచుకోండి.

1,40,000లో సెలవు నగదు 22,000 పోతే మీరు సమకూర్చుకోవాల్సింది 1,18,000. మీకు మిగిలే ఏడు వేలలో ఐదు వేలు ఈ నెల నుంచే రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. పది నెలల్లో వడ్డీ కాకుండా 50,000 చేతికొస్తాయి. మిగిలిన 68,000 చీటీ నుంచి రావాలి, ఆ చీటీ మీ ప్రయాణానికి నెల ముందే ముగుస్తుంది.

అందుకే దాన్ని ఇప్పుడు పాడవద్దంటున్నాను. ఈ నెల పాటలో మీరు 36,000 వదులుకుని పాడారనుకోండి, చేతికి 1,64,000 వస్తుంది. పైగా పాడిన వెంటనే ష్యూరిటీలు తేవాలి, మిగిలిన వాయిదాలకు వాళ్లు కూడా జవాబుదారీ అవుతారు. చివరిదాకా ఆగితే చట్టం అనుమతించే గరిష్ఠ కమిషన్ 7 శాతం, అంటే 14,000 పోయినా 1,86,000 వస్తుంది. ఈలోగా మరెవరో 36,000 వదులుకుని పాడితే, కమిషన్ పోగా మిగిలిన 22,000లో మీ వంతు 1,100 డివిడెండ్‌గా వచ్చి ఆ నెల మీరు 8,900 కడితే సరిపోతుంది. మొదటి నెలల్లో పాడనివాళ్లు చివర్లో తొందరపడటం నాకు ఎప్పుడూ అర్థం కాదు. చీటీ చేతికొచ్చాక 68,000 ప్రయాణానికి తీసి, మిగతా 1,18,000 అదే రోజున ఎఫ్‌డీ చేయండి. ఆ చీటీ రిజిస్టరైనదో కాదో మాత్రం చిట్స్ రిజిస్ట్రార్ కార్యాలయంలో కనుక్కోండి. కానిదైతే నా సలహా మారుతుంది: చివరిదాకా ఆగవద్దు, నష్టానికైనా పాడేసి బయటపడండి.

ఇప్పటికే ఉన్న 1.5 లక్షల ఎఫ్‌డీ మీ ఇంటి మూడు నెలల ఖర్చుకు కూడా చాలదు. దాన్ని ముట్టుకోకండి, సిప్ కూడా ఆపవద్దు.

చీటీ డబ్బు చివరికి గాని రాదు కాబట్టి చెల్లింపుల వరుస ముఖ్యం. అడ్వాన్సు ఎన్ని రోజుల ముందు ఇస్తారో కార్యాలయంలో అడిగి, అది తీసుకుని విమాన టికెట్లు కొనండి. అడ్వాన్సులో చేరని ఏడు వేలు, రైలు టికెట్లు మీ మిగులు నుంచి పెట్టండి, అవి బిల్లుతో తిరిగి వస్తాయి. హోటళ్లను ఉచితంగా రద్దు చేసుకునే షరతు మీద, వెళ్లాక డబ్బు కట్టే పద్ధతిలో తీసుకోండి. పడవ టికెట్లు చీటీ వచ్చాక చూసుకోవచ్చు. పెళ్లిరోజుకు దగ్గరగా, ఫిబ్రవరిలో వారాంతం తప్పించి బయలుదేరితే చార్జీలూ గదుల అద్దెలూ సంక్రాంతి సెలవులప్పటికన్నా తక్కువగా ఉంటాయి. పెద్దబ్బాయి పరీక్షల తేదీలు మాత్రం ముందే అడగండి.

తిరిగి వచ్చాక నెల రోజుల్లోగా బిల్లు పెట్టాలి. ఆలస్యమైతే అడ్వాన్సు మొత్తాన్ని జరిమానా వడ్డీతో ఒకేసారి వెనక్కి తీసుకుంటారు. ఐదుగురి బోర్డింగ్ పాసులు, రైలు టికెట్లు ఒకే కవరులో వేసి మీ భార్య చేతికివ్వండి. ఇన్నేళ్లుగా ఎల్‌టీసీని మరచిపోయిన మీ కన్నా ఆమె దగ్గరే అవి భద్రంగా ఉంటాయని నా నమ్మకం.