ఉద్యోగం మానకుండా ఎంఈడీ చేయవచ్చా?

ప్రశ్న: గణితంతో బీఎస్సీ, ఆ తర్వాత బీఈడీ చేశాను. బీఈడీలో 62 శాతం మార్కులు వచ్చాయి. మధురవాడలోని ఒక ప్రైవేటు సీబీఎస్‌ఈ పాఠశాలలో తొమ్మిదేళ్లుగా ఎనిమిది నుంచి పదో తరగతి వరకు గణితం చెబుతున్నాను. ఇల్లు గోపాలపట్నంలో. వయసు 34, ఇద్దరు పిల్లలు. మా బడికి ఇంటర్న్‌షిప్‌కు వచ్చే బీఈడీ విద్యార్థులకు పాఠం ఎలా చెప్పాలో దగ్గరుండి చూపించడం నాకు చాలా ఇష్టం. ఎప్పటికైనా బీఈడీ కళాశాలలో అధ్యాపకురాలిని కావాలని ఉంది. ఉద్యోగం మాత్రం మానలేను. ఒక ఏజెంటు ఎంఈడీ (బీఈడీ తర్వాత చేసే పీజీ కోర్సు) సీటు ఇప్పిస్తానని, కళాశాలకు వెళ్లనక్కర్లేదని, పరీక్షలు రాస్తే చాలని అంటున్నారు. ఫీజుతో పాటు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇమ్మంటున్నారు. చేరమంటారా?
- ఒక ఉపాధ్యాయిని, విశాఖపట్నం

జవాబు: చేరవద్దు. డబ్బు ఇంకా కట్టకపోతే కట్టవద్దు. సర్టిఫికెట్లు ఎట్టి పరిస్థితిలోనూ ఆయన చేతికి ఇవ్వవద్దు. విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లను విద్యాసంస్థలే తమ దగ్గర ఉంచుకోకూడదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) ఆదేశాలున్నాయి. అలాంటప్పుడు మధ్యవర్తికి వాటితో పనేమిటి?

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) 2014 నిబంధనల ప్రకారం ఎంఈడీ రెండేళ్ల పూర్తికాలపు కోర్సు. ఏడాదికి కనీసం 200 పనిదినాలు, వారానికి 36 గంటలు కళాశాలలో గడపాలి. తరగతులకు, ప్రాక్టికమ్‌కు (కోర్సులో భాగంగా చేసే ఆచరణాత్మక పనికి) 80 శాతం, క్షేత్ర పనికి 90 శాతం హాజరు తప్పనిసరి. దూరవిద్య ఎంఈడీకి ఆ నిబంధనల్లో చోటు లేదు. మరి ఆ రెండేళ్లూ మీ బడి హాజరు పట్టీలో రోజూ మీ సంతకం ఉంటుంది, నెలనెలా జీతం ఖాతాలో పడుతుంది. రేపు ఏ ఇంటర్వ్యూలోనైనా మీ అనుభవ ధ్రువపత్రాన్ని, ఎంఈడీ పత్రాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే రెండింటిలో ఒకటి అబద్ధమని తేలిపోతుంది. తొమ్మిదేళ్లు కష్టపడి సంపాదించుకున్న మంచి పేరును మీరు చేజేతులా అనుమానాల పాలు చేసుకోవడం నాకు ఇష్టం లేదు.

మీరు అడగని విషయం ఒకటి ఇక్కడే చెప్పాలి. బీఈడీ కళాశాలలో అధ్యాపక పోస్టుకు ఎంఈడీ ఒక్కటే చాలదు. గణిత బోధన పద్ధతులు చెప్పాలంటే గణితంలో పీజీ, దానితో పాటు ఎంఈడీ ఉండాలి. రెండింటిలోనూ 55 శాతం మార్కులు రావాలి. మీకు ఎమ్మెస్సీ లేదు. కాబట్టి ఆ ఎంఈడీ సక్రమమైనదే అనుకున్నా, అదొక్కటే మిమ్మల్ని ఆ పోస్టు దాకా చేర్చదు. అయితే విద్యా తత్త్వం, మనోవిజ్ఞానం వంటి మూల విషయాలు బోధించే పోస్టులకు అవే నిబంధనలు ఇంకో దారి కూడా ఇచ్చాయి. ఎంఏ ఎడ్యుకేషన్‌లో 55 శాతం, బీఈడీలో 55 శాతం ఉంటే సరిపోతుంది. మీ 62 శాతం ఇక్కడ అక్కరకు వస్తుంది.

అందుకే మీకు నా సలహా ఎంఏ ఎడ్యుకేషన్. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో) దీన్ని దూరవిద్యలో నడుపుతోంది. ఏదైనా డిగ్రీ ఉంటే చేరవచ్చు. కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా నాలుగేళ్లలో పూర్తి చేయవచ్చు. ఇగ్నో ప్రాంతీయ కేంద్రం విశాఖలోనే ఉంది. అధ్యయన కేంద్రం, రుసుము వివరాలు ఆ కార్యాలయంలోనే నేరుగా అడగండి, మధ్యవర్తులెవరూ వద్దు. పరీక్షలు జూన్, డిసెంబరు నెలల్లో ఉంటాయి. డిసెంబరు వచ్చేసరికి మీ పదో తరగతి పిల్లలకు ప్రీబోర్డు హడావిడి మొదలవుతుంది కనుక ఎక్కువ పేపర్లు జూన్‌లో రాసేలా చూసుకోండి. ఇంట్లో పిల్లలున్నారు, రోజూ గోపాలపట్నం నుంచి మధురవాడ ప్రయాణం ఉంది. రెండేళ్లకే ముగించాలని పట్టుపట్టకుండా మూడేళ్లు పెట్టుకోండి.

ఈ చదువులో పరిశోధన పద్ధతులు, సిద్ధాంత వ్యాసం ఉంటాయి. చాలామంది వీటిని గండంగా భావించి, ఎక్కడో దొరికిన పాత వ్యాసాన్ని తిరగరాసి ఇచ్చేస్తారు. మీరు అలా చేయవద్దు, ఎందుకంటే మీ తరగతి గదిలో అసలైన ప్రశ్నలు ఎన్నో ఉన్నాయి. రుణ సంఖ్యల కూడికలు తప్పు లేకుండా చేసే పిల్లలే, సమీకరణంలో పదాన్ని ఒకవైపు నుంచి రెండోవైపుకు మార్చేటప్పుడు గుర్తు ఎందుకు తప్పుతారు? రెండు వైపులా సమానత్వం చెదరకూడదన్న భావం వారికి అందలేదా, లేక ‘అటు వెళ్తే గుర్తు మారుతుంది’ అన్న సూత్రాన్ని మనమే ముందుగా చెప్పేశామా? ఇప్పటి నుంచే జవాబు పత్రాల్లో కనిపించే ఇలాంటి తప్పులను తేదీ వేసి ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. పిల్లల పేర్లు రాయనక్కర్లేదు. మీ ప్రిన్సిపాల్ అనుమతి ముందే తీసుకోండి. ఇంటర్న్‌షిప్‌కు వచ్చే విద్యార్థులకు మీరు చూపించేది కూడా అప్పుడు మరింత లోతుగా ఉంటుంది. డిగ్రీ చేతికి రాకముందే ఈ చదువు మీకు పనికివస్తుందని నేను నమ్ముతున్నాను.

జీతం పెరగడమే అన్నిటికన్నా ముఖ్యమైతే ఆలోచన మార్చుకోవాలి. అప్పుడు ముందు ఎమ్మెస్సీ గణితం చేయండి. దానికి మీ బీఈడీ తోడైతే పదకొండు, పన్నెండు తరగతులకు చెప్పే పీజీటీ (పోస్ట్ గ్రాడ్యుయేట్ టీచర్) పోస్టులకు పోటీ పడవచ్చు. దూరవిద్యలో చేరేటప్పుడు ఆ ఏడాది ఆ కోర్సుకు యూజీసీ దూరవిద్య విభాగం అనుమతి ఉందో లేదో చూసుకోండి.

ఎంఈడీ మీద మనసుంటే దాన్ని వదులుకోనక్కర్లేదు. 2025లో ఎన్‌సీటీఈ విడుదల చేసిన ముసాయిదాలో ఏడాది పూర్తికాలపు ఎంఈడీతో పాటు, రెండేళ్ల పార్ట్‌టైమ్ ఎంఈడీ ప్రతిపాదన ఉంది. మీలాంటివారికి అదే సరైన దారి. అయితే తుది నిబంధనలు, ఫలానా కళాశాలకు ఫలానా కోర్సు నడిపే అనుమతి ఎన్‌సీటీఈ పత్రాల్లో మీ కళ్లతో చూశాకే అడుగు వేయండి. ఇప్పుడున్న రెగ్యులర్ కోర్సుకైతే ఏపీ పీజీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, కళాశాలకు రోజూ వెళ్లాలి.

ప్రభుత్వ ఉపాధ్యాయులు కూడా ఈ సందేహం అడుగుతుంటారు. హెడ్‌మాస్టర్ పదోన్నతికి చూసేది ఈవోటీ (ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్స్ టెస్ట్), జీవోటీ (గెజిటెడ్ ఆఫీసర్స్ టెస్ట్) వంటి శాఖాపరమైన పరీక్షలను. దానికోసం ఎంఈడీ చేయనక్కర్లేదు. చదవాలనుకుంటే శాఖ అనుమతి, సెలవు మంజూరు చేతికి వచ్చాకే చేరాలి.

మీ విషయానికి వస్తే, ఎంఏలో 55 శాతం దాటడాన్ని లక్ష్యంగా పెట్టుకోండి. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్ రాయడానికి రిజర్వేషన్ వర్గాలవారికి పీజీలో 50 శాతం చాలు. చివరి ఏడాదిలో ఉండగానే ఎడ్యుకేషన్ సబ్జెక్టుతో యూజీసీ నెట్ రాయవచ్చు. వయసు 34 అని రాశారు. నెట్ ద్వారానే ఇచ్చే పరిశోధన ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్‌కు వయోపరిమితి ఉన్నా, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు లేదు.