సమాధానం: వారాల డెంగ్యూ కేసులు, గంటల వాన లెక్కలు కలపడం

డెంగ్యూ కేసులు జిల్లాల వారీగా వారానికోసారి, వానేమో ఈఆర్ఏ5 (ప్రపంచమంతటి గత వాతావరణ లెక్కల భాండారం) నుంచి గంటగంటకూ, పటం మీది చదరపు గడుల వారీగా ఉందన్నారు. రెంటినీ కలిపితే ఏ సంబంధమూ కనిపించడం లేదన్నారు. వానకూ డెంగ్యూకూ సంబంధం ఉంటుందన్న మీ ఆలోచన సరైనదే, చిక్కంతా కలిపిన తీరులో ఉంది.

ఈఆర్ఏ5 గంటలు యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటాయి, స్థానిక సమయానికి మార్చాకే వారాలుగా విడగొట్టండి. వాన మీటర్లలో ఉంటుంది, మిల్లీమీటర్లు కావాలంటే 1000తో హెచ్చించాలి. వానను కూడాలి, ఉష్ణోగ్రతకు సగటు తీయాలి.

జిల్లా మధ్యబిందువు పడిన ఒక్క గడినే తీసుకున్నారు కదా, అది వదిలేయండి. ఈఆర్ఏ5లోని 0.25 డిగ్రీల గడి ఒక పక్క పొడవు భూమధ్యరేఖ దగ్గర సుమారు 28 కిలోమీటర్లు. జిల్లాను తాకే గడులన్నిటికీ జనాభా బరువుతో, అంటే ఎక్కువ మంది ఉండే గడికి ఎక్కువ విలువ ఇస్తూ, సగటు తీయండి. మనుషులు లేని అడవిలో కురిసిన వాన మీ ప్రశ్నకు అంతగా పనికిరాదు.

అసలు కీలకం ఆలస్యం. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు, దోమలో వైరస్ పెరగడానికి 8–12 రోజులు, కుట్టాక జ్వరం రావడానికి 4–10 రోజులు పడుతుంది. పైగా కేసు నమోదు కావడానికి మరికొంత. అదే వారం వానతో పోల్చితే ఏం దొరుకుతుంది? 4 నుంచి 12 వారాల వెనకటి వానతో విడివిడిగా పోల్చి చూడండి. ఆ వారాలు ఎంచుకునేటప్పుడు ఒక కీటక శాస్త్రవేత్తను పక్కన కూర్చోబెట్టుకోండి, కోడ్ ఒక్కటే ఆ సంగతి చెప్పలేదు.