ఏడాదికో సంతకమేగా, మాస్టారూ!

ప్రశ్న: నేను రిటైరైన హెడ్మాస్టర్ని. మా దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు నడుపుతున్న ఒకాయన తన కంపెనీలో నన్ను డైరెక్టరుగా ఉండమంటున్నారు. చాలా నెమ్మదస్తుడు. గుడికీ బడికీ బాగా ఇస్తారు. గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు. "మీరు చేసేదేం ఉండదు, ఏడాదికో సంతకమేగా మాస్టారూ" అంటున్నారు. మనిషి మంచివాడే కదా, ఒప్పుకోవచ్చా?
- ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: మాస్టారూ, ఉత్తరమంతా ఆయన గుణగణాలే రాశారు. కంపెనీ లెక్కల గురించి ఒక్క ముక్కా లేదు. నాకు కంగారు పుట్టింది అక్కడే.

సత్యం అనే పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టిన రామలింగరాజు గారిదీ మన భీమవరం ప్రాంతమే. ఆయనకూ నెమ్మదస్తుడనే పేరుండేది. 2005లో 108 అంబులెన్సులు మొదలైంది ఆ కుటుంబం చొరవతోనే. 2008లో సత్యానికి కార్పొరేట్ గవర్నెన్స్‌కి, అంటే కంపెనీని పద్ధతిగా నడిపినందుకు, అవార్డు కూడా వచ్చింది. అదే ఏడాది డిసెంబరు 16న, ఆయన కొడుకులు నడిపే రెండు మేటాస్ కంపెనీలను సత్యం డబ్బుతో కొందామనే ప్రతిపాదన డైరెక్టర్ల బోర్డు ముందుకు వచ్చింది. బోర్డులో పేరుమోసిన ప్రొఫెసర్లున్నారు. అయినా సరేనన్నారు. షేర్‌హోల్డర్లు గోల చేస్తే గంటల్లోనే వెనక్కి తగ్గారు. 2009 జనవరి 7న ఆయనే ఉత్తరం రాసి, లెక్కల్లో చూపిన నగదులో 5,040 కోట్లు అసలు లేనేలేవని ఒప్పుకున్నారు.

ఇక నాకు తెలిసిన ఇంకో మనిషి. తణుకు చుట్టుపక్కల రైసు మిల్లుల లెక్కలు చూసే రోజుల్లో ఒక యజమాని ఉండేవాడు, నోరు తెరిస్తే బూతే. ఓ మార్చి ఆఖర్లో స్టాకు చూడ్డానికి వెళ్లాను. బ్యాంకులో లోను పెంచుకోవాలని, తుఫానుకి తడిసి రంగు మారిన ధాన్యాన్ని మంచి ధాన్యం రేటుకి రాయమన్నాడు. గుమాస్తా పెన్ను పక్కన పెట్టి, గుప్పెడు గింజలు తెచ్చి బల్ల మీద పోశాడు. "ఈ గింజకి ఆ రేటు నేను రాయనండి. కావాలంటే మీరే రాసుకోండి" అన్నాడు. ఆ తర్వాత వినపడ్డ తిట్లు మన పత్రికలో వేయరు. తిట్టి తిట్టి అలిసిపోయి, "సరే, నువ్వన్నట్టే రాసి ఏడువ్" అని ముగ్గురికీ టీ తెప్పించాడు. ఆ గుమాస్తా ఇంకో పదేళ్లు అక్కడే ఉన్నాడు. ఆ పదేళ్లూ ఆ మిల్లు లెక్కల మీద నేను టెన్షన్ లేకుండా సంతకం పెట్టాను.

అంచేత గుడి చందాల సంగతి పక్కన పెట్టి, ప్లాంటుకెళ్లి అకౌంటెంటు పక్కన కాసేపు కూర్చోండి. ఈ మూడేళ్లలో ఎంతమంది అకౌంటెంట్లు మారారు? ఐసు ఎవరి దగ్గర కొంటున్నారు, కోల్డ్ స్టోరేజీ అద్దె ఎవరికి కడుతున్నారు? బావమరిదికే అయితే బయటి రేటెంతో కనుక్కోండి. తర్వాత బోర్డు మీటింగుల్లో ఏం తేల్చారో రాసిపెట్టే మినిట్స్ పుస్తకం అడగండి. ఎంత చిన్న కంపెనీకైనా ఏడాదికి రెండు మీటింగులుండాలి, అంతకన్నా పెద్దదైతే నాలుగు. మరి ఏడాదికో సంతకం చాలంటున్నారంటే మిగతా మీటింగులు ఎక్కడ జరుగుతున్నట్టు? డైరెక్టరుగా రాజీనామా చేసి బయటికొచ్చినా, మీరున్నప్పటి తప్పులకు 2013 కంపెనీల చట్టం మిమ్మల్ని వదలదు.

పుస్తకం అడగ్గానే తెచ్చి మీ ముందు పెడితే మళ్లీ రాయండి, మిగతావి అప్పుడు మాట్లాడుకుందాం. "ఇవన్నీ మీకెందుకండీ మాస్టారూ" అని నవ్వేశారనుకోండి, ఆ నవ్వు ఎంత మెత్తగా ఉన్నా సరే, ఒంట్లో బాగోవట్లేదని చెప్పి తప్పుకోండి. మన వైపు ఆ సాకుకి ఎవరూ నొచ్చుకోరు.