రోడ్డు మీద వడ్లు, సీటు కవరు కింద బెల్టు

మీరు అడిగింది ఇది: "కొత్తగా కారు కొన్నాను. కారు ప్రమాదాలు ఎక్కువగా ఎందుకు జరుగుతాయి? జరిగితే ఖర్చు ఎంత అవుతుంది? ఇన్సూరెన్స్ అంతా చూసుకుంటుందా?"

చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్తాను. అంతా చూసుకోదు. ఇక కారణం అంటారా, ఎవరిని అడిగినా అతివేగం అంటారు. కేంద్ర రవాణా శాఖ నివేదికలోనూ అదే ఉంటుంది. 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి, 1,68,491 మంది పోయారు. ఆ ప్రమాదాల్లో 72 శాతానికి అతివేగమే కారణమని రాశారు. నాకు ఆ లెక్క మీద నమ్మకం లేదు. ప్రమాదం జరిగాక వచ్చిన పోలీసాయన ఫారంలో ఏదో ఒక కారణం రాయాలి. స్పీడు అని రాస్తే పని అయిపోతుంది. రోడ్డు మీద చీకట్లో ఏముందో రాస్తే, అది అక్కడికి ఎందుకొచ్చింది, ఎవరు ఉండనిచ్చారు అని కూడా రాయాలి. మా ప్రమాదానికి కూడా కాగితం మీద ఉన్న కారణం అతివేగమే. నేను ఆ రాత్రి గంటకు 70 కిలోమీటర్లలో ఉన్నాను.

2022 నవంబరు, కార్తీక సోమవారం. మా అమ్మకు వేములవాడలో కోడె మొక్కు ఉండింది. పొద్దున వెళ్తే జనం వల్ల దర్శనం, మొక్కు అయ్యేసరికి సాయంత్రమైంది. చీకటి పడ్డాక కరీంనగర్‌కు బయల్దేరాం. నేను నడుపుతున్నాను, పక్కన మా ఆవిడ, వెనక సీట్లో అమ్మ, ఆమె పక్కన ప్రసాదం సంచి. మేమిద్దరం బెల్టు పెట్టుకున్నాం. అమ్మ పెట్టుకోలేదు. "ఎనక కూసున్నోళ్లకు ఎందుకు బిడ్డా" అంది. నేనూ ఇంకో మాట అనలేదు.

ఆ రోజుల్లో మా వైపు ఏ రోడ్డు చూసినా వడ్లే. వానాకాలం పంట కోతలు. కోత మిషన్ పొలంలో దిగితే ఎకరం వడ్లు గంటలో ట్రాక్టర్లో పడతాయి, పచ్చివి. అవి ఆరబోయడానికి జాగా ఏది? తారు రోడ్డు వేడిగా ఉంటుంది, చదునుగా ఉంటుంది. అందుకని రోడ్డుకు ఒక పక్క సగం దాకా పోస్తారు. బండ్లు తొక్కకుండా అంచున బండరాళ్లు వరసగా పెడతారు. రాత్రి మంచు పడుతుందని కుప్ప చేసి మీద పరదా కప్పుతారు. ఆ పరదా నల్లగా ఉంటుంది, రోడ్డూ నల్లగానే ఉంటుంది.

ఎదురుగా ఒక లారీ హైబీమ్ వేసుకుని వచ్చింది. నేను డిప్ కొట్టాను, వాడు కొట్టలేదు. కళ్లు మూసుకుపోయినంత పనైంది. ఎవరైనా ఏం చేస్తారు, కాస్త ఎడమకు జరుగుతారు. నేనూ జరిగాను. లారీ దాటగానే లైట్ల వెలుగులో రాయి కనబడింది, దాని వెనక నల్లటి గుట్ట.

నేను ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. ఈ లెక్క తర్వాత ఎన్నిసార్లు వేసుకున్నానో. గంటకు 70 అంటే సెకనుకు 19 మీటర్లకు పైనే. లోబీమ్ వెలుగు పట్టుమని 40 మీటర్లు. అంటే రెండు సెకన్లు. మనిషికి తట్టి కాలు బ్రేకు మీదికి వెళ్లేసరికే అందులో ఒకటి అయిపోతుంది. బ్రేకు కొట్టాను. కానీ చక్రాల కింద రోడ్డు లేదు, వడ్లు ఉన్నాయి. గోళీల మీద కాలు పెట్టినట్టు బండి జారిపోయింది. ఎడమ ముందు చక్రం రాయి మీదికి ఎక్కి టైరు పేలింది, బండి అడ్డం తిరిగి కుప్పను చీల్చుకుంటూ పోయి రోడ్డు పక్క వేపచెట్టుకు తగిలి ఆగింది.

ఎయిర్‌బ్యాగులు విచ్చుకున్నాయి. కారు నిండా తెల్లటి పొడి, కాలిన వాసన. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది, తనకేం కాలేదు. వెనక నుంచి శబ్దం లేదు. తిరిగి చూస్తే అమ్మ సీటు మీద లేదు. ముందు సీటుకూ వెనక సీటుకూ మధ్య ఇరుకులో పడి ఉంది, ఆమె మీద ప్రసాదం సంచి. కాసేపటికి "కాలు కదుల్తలేదురా" అంది.

మొదట పరిగెత్తుకొచ్చింది ఆ వడ్ల రైతే. కుప్ప పక్కనే నులక మంచం వేసుకుని కావలి పడుకున్నాడు. మా బండి ఇంకో నాలుగు గజాలు ఇటు వచ్చి ఉంటే ఆయన మీదుగా పోయేది. నెత్తికి ఉన్న రుమాలు విప్పి అమ్మ మోకాలికి కట్టాడు, 108కి ఫోన్ చేశాడు, బండి వచ్చేదాకా టార్చి పట్టుకుని నిలబడ్డాడు. నేను ఆయన మీద అరిచాను. రోడ్డు నీ అయ్య జాగీరా అన్నాను. ఆయన ఎదురు మాట్లాడలేదు. "మ్యాచర్ వస్తలేదు సారూ. నాలుగు రోజుల సంది ఈడ్నే ఉన్న. సెంటర్ల కాంటా పెడ్తలేరు" అన్నాడు.

మ్యాచర్ అంటే మాయిశ్చర్, తేమ. ఆ మాట అర్థం కావాలంటే ఒకటి తెలియాలి. ఐకేపీ సెంటర్లో, అంటే ప్రభుత్వం తరఫున వడ్లు కొనే కేంద్రంలో, వడ్లు తీసుకోవాలంటే తేమ 17 శాతం మించకూడదు. మిషన్ కోత వడ్లలో తేమ అంతకంటే ఎక్కువే ఉంటుంది. తేమ కొలిచే మిషన్ పెట్టి చూసి, 17 లోపు రాలేదంటే మళ్లీ ఆరబోసుకోమంటారు. తేమ వచ్చినా సంచులు లేవంటారు, లారీ రాలేదంటారు. వాన పడితే కథ మళ్లీ మొదటికి వస్తుంది. కల్లాలు కట్టిస్తే ఈ బాధ ఉండదు. ఉపాధి హామీ నిధులతో కొన్ని కట్టారు కూడా. ఆ డబ్బు వాటికి వాడకూడదు, తిరిగి కట్టండి అని కేంద్రం, ఎందుకు కట్టాలి అని రాష్ట్రం, సరిగ్గా మా ప్రమాదం జరిగిన మరుసటి నెలే గొడవ పడ్డాయి. ధర్నాలు జరిగాయి. వడ్లు మాత్రం రోడ్డు మీదే ఉన్నాయి. రోడ్డు మీద వడ్లు పోస్తే కేసు పెడతామని పోలీసులు ప్రతి సీజన్‌లో చెబుతారు. ఎక్కడ పోసుకోవాలో చెప్పిన అధికారిని నేను ఇంతవరకు చూడలేదు.

ఇది మా ఒక్కరి సంగతి అనుకోకండి. 2014 ఏప్రిల్‌లో ఆళ్లగడ్డ దగ్గర శోభా నాగిరెడ్డి గారి కారు బోల్తా పడింది కూడా రోడ్డు మీద ఆరబోసిన వడ్ల కుప్పలను తప్పించబోయే. ఎన్నికల ప్రచారం నుంచి ఇంటికి వెళ్తున్న ఎమ్మెల్యే ఆమె. అంత పెద్ద మనిషి పోయాక కూడా ఈ పద్ధతి మారలేదంటే, మనలాంటి వాళ్ల కోసం మారుతుందా?

నేను ఆ రైతు మీద కేసు పెట్టలేదు. మా బావమరిది పెట్టమన్నాడు, ఇప్పటికీ తిడతాడు. పెడితే ఆయన వడ్లమ్మిన డబ్బు వకీలుకు పోయేది, మా అమ్మ కాలు తిరిగి వచ్చేది కాదు. ఆ రాత్రి ఇద్దరు కుర్రాళ్లు బైకు ఆపి వీడియో తీశారు, ఒక కారు నెమ్మదై చూసి వెళ్లిపోయింది. అమ్మను ఎత్తి స్ట్రెచర్ మీద పడుకోబెట్టింది ఆయనొక్కడే. పోలీసులు వస్తే తన పేరు రాసుకుంటారని భయపడుతూనే చేశాడు. సాయం చేసినవాళ్లను స్టేషన్ చుట్టూ తిప్పకూడదని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది, 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్‌గా అది చేరింది కూడా. ఊళ్లలో ఇది ఎవరికీ తెలియదు. దయచేసి మీరు మీ వాళ్లకు చెప్పండి.

ఇప్పుడు ఖర్చు. కారు కొని మూడేళ్ల తొమ్మిది నెలలు. షోరూమ్ వాళ్లు ముందు 1,60,000 ఎస్టిమేట్ ఇచ్చారు. విప్పాక ఇంకోటి, నష్టం లెక్క కట్టే ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చి పోయాక ఇంకోటి. చివరి బిల్లు 2,32,000. ఇన్సూరెన్స్ ఇచ్చింది 1,51,000. మిగతా 81,000 నా జేబులోంచి. ఎందుకంటే మామూలు పాలసీలో పాత భాగానికి కొత్తది వేస్తే తరుగుదల తీసేస్తారు. నా బండి వయసుకు ఇనుప భాగాలకు 25 శాతం కోత. ప్లాస్టిక్, రబ్బరు, బ్యాటరీకి 50 శాతం. ఎయిర్‌బ్యాగులకు కూడా 50 శాతమే ఇస్తారు, ఇది నాకు ఆ రోజు దాకా తెలియదు. ప్రాణం కాపాడిన వస్తువును టైరుతో పాటు ఒకే గాటన కట్టడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. జీరో డెప్, అంటే తరుగుదల తీయని పాలసీ, తీసుకుని ఉంటే ఈ కోత ఉండేది కాదు. మొదటి రెండేళ్లు తీసుకున్నాను, ఏజెంటు మూడు వేలు మిగులుతాయి అంటే మానేశాను. మీరు మానకండి.

క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపును నో క్లెయిమ్ బోనస్ అంటారు. క్లెయిమ్ చేయగానే 35 శాతం దాకా వచ్చిన ఆ బోనస్ సున్నా అయింది, కాబట్టి మరుసటి ఏడు ప్రీమియం పెరిగింది. క్రేన్‌కు 6,000. బండి 47 రోజులు షెడ్డులో ఉంది, ఆసుపత్రికి తిరిగిన ఆటోలు, అద్దె కార్లు కలిపి పాతిక వేలు దాటాయి. క్రేన్‌కు మామూలు పాలసీలో 1,500 దాకానే ఇస్తారు, మిగతావేవీ రావు.

అమ్మకు తుంటి ఎముక విరిగింది, ఎడమ భుజం దగ్గర కూడా ఒకటి. ఆపరేషన్, మందులు, ఫిజియోథెరపీ కలిపి 3,10,000. నా ఆరోగ్య బీమాలో ఆమె పేరు లేదు. కారు పాలసీలో ఉన్న 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా బండి యజమానికే, అదీ మరణానికో శాశ్వత వైకల్యానికో. కూర్చున్నవాళ్ల కోసం విడిగా అడిగి తీసుకోవాలి, ఏడాదికి కొన్ని వందలే, ఏజెంట్లు దాని గురించి మాట్లాడరు. ఆసుపత్రిలో రాత్రి పదిన్నరకు అమ్మ స్ట్రెచర్ మీద ఉండగానే యాభై వేలు కట్టమన్నారు. ఇప్పుడైతే 2025 మే నుంచి కేంద్రం పథకం ఒకటి ఉంది, రోడ్డు ప్రమాదంలో గాయపడిన ఎవరికైనా ఏడు రోజుల వరకు, లక్షన్నర దాకా నగదు లేకుండా వైద్యం చేయాలి. ఆ మాట గుర్తుపెట్టుకోండి, కౌంటర్ దగ్గర మీరే అడగాలి.

అమ్మ వయసు అప్పటికి 63. మరుసటి ఏడాది బతుకమ్మకు పూలు తనే పేర్చింది, మంచం మీద కూర్చుని. ఆడటానికి పోలేదు. వాకిట్లో కుర్చీ వేయించుకుని, తోటివాళ్లు చుట్టూ తిరుగుతుంటే చప్పట్లు కొట్టింది. దీన్ని ఏ సర్వేయర్ రాస్తాడు?

ఇక బెల్టు సంగతి. మా ప్రమాదానికి రెండు నెలల ముందే, సెప్టెంబరు 4న టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ గారు పాల్ఘర్ దగ్గర కారు ప్రమాదంలో పోయారు. వెనక సీటు, బెల్టు లేదు. టీవీల్లో వారం రోజులు అదే చూపించారు. ఇంట్లో కూర్చుని నేనూ చూశాను, అమ్మా చూసింది. ఆ ఒక్క ఏడాదే సీటుబెల్టు లేక దేశంలో 16,715 మంది పోతే, అందులో 8,331 మంది డ్రైవర్లు కాదు, పక్కనో వెనకో కూర్చున్నవాళ్లు. వెనకవాళ్లకు బెల్టు తప్పనిసరి, లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. కరీంనగర్‌లో ఆ జరిమానా కట్టినవాడిని నాకు ఒక్కడిని చూపించండి. పైగా బెల్టు పెట్టుకోకున్నా అలారం మోగకుండా ఉండటానికి, బెల్టు బదులు గుచ్చే ఉత్త క్లిప్పులు అమ్మేవాళ్లు. వాటిని ఆన్‌లైన్ షాపుల నుంచి తీసేయమని 2023లో కేంద్రం ఆదేశాలు ఇవ్వాల్సి వచ్చింది.

షెడ్డులో బండి చూడటానికి వెళ్లినప్పుడు మెకానిక్ కుర్రాడు కింద గార్డు విప్పి దోసెడు వడ్లు తీసి నా ముందు పోశాడు. తర్వాత వెనక డోరు తీసి, "అన్నా, ఇది జూసినవా" అన్నాడు. కారు కొన్న వారంలో నేను వేయించిన సీటు కవర్లు అవి, ఎనిమిది వేలు పెట్టి. వెనక సీటు బెల్టు బిగించే బకిల్స్ రెండూ ఆ కవరు కింద నొక్కేసి కుట్టేశాడు షాపువాడు. అమ్మ ఆ రోజు సరే అని బెల్టు లాక్కుని ఉన్నా, పెట్టుకోవడానికి చోటు లేదు. మూడేళ్ల తొమ్మిది నెలలు ఆ కారులో తిరిగాం, మేమెవరం చూడలేదు.

మీది కొత్త కారు అన్నారు. సీటు కవర్లు వేయించి ఉంటే ఇప్పుడే కిందికి వెళ్లి వెనక సీటు సందులో చెయ్యి పెట్టి చూడండి. బకిల్స్ చేతికి తగలకపోతే బ్లేడుతో కవరు కోసి బయటికి తీయండి, నేను మా కారుకు అలాగే చేశాను.