టెక్ సందేహాలు: నెబ్యులాకు పనికొచ్చిన ఫిల్టర్ గెలాక్సీకి ఎందుకు పనికిరాదు?

ఈ మధ్య వస్తున్న ప్రశ్నల్లో డీప్ స్కై ఫొటోగ్రఫీ గురించినవి బాగా పెరిగాయి. నెబ్యులాలు (అంతరిక్షంలోని వాయు, ధూళి మేఘాలు), గెలాక్సీలు, నక్షత్ర గుచ్ఛాలను సొంత కెమెరాతో పట్టుకోవాలన్న ఉత్సాహం చూస్తుంటే సంతోషంగా ఉంది. అందుకే ఈసారి చోటంతా వాటికే ఇస్తున్నాను.

డ్యూయల్ బ్యాండ్ ఫిల్టర్‌తో రోజెట్ నెబ్యులా చాలా బాగా వచ్చింది. అదే ఫిల్టర్‌తో ఆండ్రోమెడా గెలాక్సీని నాలుగు గంటలు తీస్తే మసకగా, రంగు లేకుండా వచ్చింది. ఫిల్టర్ పాడైందా?

ఫిల్టర్ బాగానే ఉంది. అది చేయలేని పని దానికి అప్పగించారు, అంతే.

రోజెట్ లాంటి ఎమిషన్ నెబ్యులాల వెలుగు చాలావరకు కొన్ని సన్నని గీతల్లోనే ఉంటుంది. లోపలున్న వేడి నక్షత్రాల అతినీలలోహిత కాంతి తగిలి హైడ్రోజన్ వాయువు 656.3 నానోమీటర్ల దగ్గర ఎర్రగా వెలుగుతుంది. దాన్నే హెచ్-ఆల్ఫా అంటాం. ఆక్సిజన్ ముఖ్యంగా 500.7 నానోమీటర్ల దగ్గర నీలం కలిసిన ఆకుపచ్చలో వెలుగుతుంది. అది ఓ-త్రీ. మీ ఫిల్టర్ ఈ రెండు చోట్ల మాత్రం సన్నని కిటికీలు తెరిచి, మిగతాదంతా మూసేస్తుంది.

గెలాక్సీ సంగతి వేరు. అక్కడ మనకు చేరేది కోట్లాది నక్షత్రాల వెలుగు. అది ఊదా నుంచి ఎరుపు దాకా అంతటా పరుచుకుని ఉంటుంది. చిన్న లెక్క వేసి చూడండి. కంటికి కనిపించే కాంతి సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల వరకు, అంటే 300 నానోమీటర్ల వెడల్పు. మీ ఫిల్టర్ కిటికీలు ఒక్కోటి 7 నానోమీటర్లు అనుకుంటే రెండూ కలిపి 14. అంటే నూటికి ఐదు వంతులు కూడా లోపలికి రావు. ఆకాశంలోని దీపాల కాంతి ఇరవయ్యో వంతుకు పడిపోయింది నిజమే, దాంతోపాటు గెలాక్సీ వెలుగు కూడా అంతే పడిపోయింది. మీకు ఒరిగిందేమీ లేదు. రోజెట్ విషయంలో ఆకాశపు కాంతి మాత్రమే తగ్గింది, హైడ్రోజన్ వెలుగు దాదాపు పూర్తిగా వచ్చింది. తేడా అంతా అక్కడే ఉంది.

కాబట్టి ఫిల్టర్ కొనేటప్పుడు 'మా ఆకాశం ఎలా ఉంది?' అన్నది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న 'నేను తీయబోయేది ఎలాంటి వెలుగునిస్తుంది?' అన్నది. రోజెట్, నార్త్ అమెరికా నెబ్యులా, వెయిల్ నెబ్యులా, డంబెల్ లాంటి ప్లానెటరీ నెబ్యులాలు... వీటన్నిటికీ డ్యూయల్ బ్యాండ్ పనికొస్తుంది. గెలాక్సీలకు, గ్లోబ్యులర్, ఓపెన్ క్లస్టర్లు అనే నక్షత్ర గుచ్ఛాలకు వద్దు. కృత్తికల చుట్టూ కనిపించే నీలి పొగ కూడా ఆ నక్షత్రాల వెలుగే ధూళి మీద పడి మన వైపు తిరిగి వస్తున్నది, కాబట్టి దానికీ వద్దు. ఆండ్రోమెడాలో హైడ్రోజన్ వెలుగు చిందే చిన్న చిన్న ఎర్రటి మచ్చలున్నాయి. వాటి కోసం డ్యూయల్ బ్యాండ్‌తో విడిగా కొంతసేపు తీసి, మామూలు ఫొటోకు కలపొచ్చు. మీ నాలుగు గంటల శ్రమ అలా పనికొస్తుంది, ఆ ఫైళ్లు చెరిపేయకండి.

కలర్ కెమెరా వాడేవారికి నా సలహా రెండే ఫిల్టర్లు: అతినీలలోహిత, పరారుణ కాంతిని ఆపే ఒక యూవీ/ఐఆర్ కట్, ఒక డ్యూయల్ బ్యాండ్. చాలా కలర్ ఆస్ట్రో కెమెరాల్లో సెన్సర్ ముందు ఉండేది సాదా అద్దమే. లెన్స్ టెలిస్కోప్ పరారుణ కాంతిని మిగతా రంగులతో పాటు ఒకే చోట ఫోకస్ చేయలేదు. దాన్ని ఆపకపోతే నక్షత్రాలు ఉబ్బిపోతాయి. గెలాక్సీలు తీసే రాత్రుల్లో ఆ ఒక్క యూవీ/ఐఆర్ కట్ చాలు.

మా చుట్టుపక్కల వీధిదీపాలన్నీ ఎల్ఈడీలయ్యాయి. లైట్ పొల్యూషన్ ఫిల్టర్ ఇంకా పని చేస్తుందా?

పాత సోడియం దీపాల వెలుగులో ఎక్కువ భాగం 589 నానోమీటర్ల చుట్టుపక్కల ఉండేది. ఆ ముక్కను కత్తిరిస్తే చాలావరకు సరిపోయేది. తెల్లటి ఎల్ఈడీ అలా కాదు. నీలం దగ్గర ఒక ఎత్తు, ఆ తర్వాత ఆకుపచ్చ, పసుపు, ఎరుపుల మీదుగా సాగే వెడల్పాటి మెట్ట. ఎక్కడని కత్తిరిస్తాం? గెలాక్సీ వెలుగూ అక్కడే ఉంది కదా. అందుకే వెడల్పు బ్యాండ్ లైట్ పొల్యూషన్ ఫిల్టర్ మీద ఇప్పుడు డబ్బు పెట్టమని నేను చెప్పను. నెబ్యులాలకైతే డ్యూయల్ బ్యాండ్. గెలాక్సీలకైతే చీకటి ఆకాశం కిందికి ప్రయాణం, అది కుదరకపోతే ఎక్కువ గంటల ఎక్స్‌పోజర్. ఫొటోలో నాయిస్‌తో పోలిస్తే సిగ్నల్ రెట్టింపు కావాలంటే ఎక్స్‌పోజర్ సమయం నాలుగు రెట్లు పెట్టాలి. ఈ లెక్క తెలిస్తే రెండు గంటల దూరం ప్రయాణం పెద్ద కష్టంగా అనిపించదు.

వెన్నెల గురించి కూడా కొందరు అడిగారు. హెచ్-ఆల్ఫాను వెన్నెల రాత్రుల్లోనూ తీసుకోవచ్చు. ఓ-త్రీ మాత్రం వెన్నెలకు తొందరగా దెబ్బతింటుంది, చంద్రుడు లేని రాత్రులకు దాన్ని ఉంచుకోండి.

బడ్జెట్ పరిమితం. మంచి టెలిస్కోప్ కొని మామూలు మౌంట్‌తో సర్దుకోవాలా, లేక మౌంట్ మీద ఎక్కువ పెట్టాలా?

మౌంట్ మీదే, అంటే టెలిస్కోప్‌ను మోస్తూ ఆకాశంతో పాటు తిప్పే స్టాండ్ మీదే పెట్టండి. దీని గురించి నాకు రెండో ఆలోచన లేదు, ఎందుకో వివరంగా చెబుతాను.

భూమి తిరుగుతుండటం వల్ల ఆకాశం సెకనుకు 15 ఆర్క్ సెకన్ల చొప్పున జరుగుతుంది (ఒక ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు). మీ టెలిస్కోప్ ఫోకల్ లెంగ్త్ 400 మిల్లీమీటర్లు, కెమెరా పిక్సెల్ 3.76 మైక్రాన్లు అనుకుందాం. ఒక్కో పిక్సెల్‌లో ఎంత ఆకాశం పడుతుందో తెలియాలంటే పిక్సెల్ సైజును 206తో గుణించి, ఫోకల్ లెంగ్త్‌తో భాగించండి. సుమారు 1.94 ఆర్క్ సెకన్లు వస్తుంది. అంటే మౌంట్ కదలకుండా ఉంటే ఒక్క నిమిషంలో నక్షత్రం 460కి పైగా పిక్సెళ్లు దాటిపోతుంది. ఆ పరుగును ఒకటి రెండు పిక్సెళ్ల లోపల ఆపి ఉంచడం మౌంట్ పని. అది తప్పితే ఎంత మంచి లెన్స్ ఉన్నా ఫొటోలో వచ్చేది గుడ్డు ఆకారపు చుక్కలే.

నేను మొదట్లో 1000 మిల్లీమీటర్ల న్యూటోనియన్ టెలిస్కోప్‌ను ఒక తేలికపాటి ఈక్వటోరియల్ మౌంట్ మీద ఎక్కించాను. బరువు కంపెనీ చెప్పిన పరిమితిలోనే ఉంది. మౌంట్ ఎంత తప్పుతోందో చూపే గైడింగ్ గ్రాఫ్ చూస్తూ కూర్చునేవాడిని. కాసేపు గీత నిలకడగా వెళ్లేది. అంతలో చిన్న గాలి తెర వస్తే చాలు, గొట్టం తెరచాపలా ఊగేది, గీత ఒక్కసారి పైకి లేచి కిందికి పడేది, ఆ ఫ్రేమ్ పోయేది. తెల్లవారేసరికి నూటికి అరవై ఫ్రేములు పారేయాల్సి వచ్చింది. ఆ తర్వాత అదే మౌంట్ మీద చిన్న రిఫ్రాక్టర్ (లెన్స్ టెలిస్కోప్) పెడితే, దాదాపు ప్రతి ఫ్రేమూ నిలిచింది. కంపెనీ చెప్పే బరువు కంటితో చూసేవారికి సరిపోతుంది. ఫొటోలకైతే అందులో సగం, మహా అయితే మూడింట రెండు వంతులకు మించకండి. గొట్టం పొడవు కూడా బరువుతో సమానంగా లెక్కలోకి వస్తుంది.

మొదటి టెలిస్కోప్‌గా 350 నుంచి 450 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ ఉన్న చిన్న ఈడీ రిఫ్రాక్టర్, దానికి సరిపోయే ఫీల్డ్ ఫ్లాట్‌నర్ (మూలల్లోనూ నక్షత్రాలను చుక్కల్లా ఉంచే లెన్స్) తీసుకోండి. ఏపీఎస్-సీ సెన్సర్‌తో 400 మిల్లీమీటర్ల దగ్గర 3.3 డిగ్రీలకు పైగా ఆకాశం ఫ్రేములో పడుతుంది. నిండు చందమామ అర డిగ్రీ, ఆండ్రోమెడా దాదాపు 3 డిగ్రీలు. గొల్లకావడి మూడు చుక్కల పక్కనే ఉండే ఓరియన్ నెబ్యులా ఒక డిగ్రీ పైచిలుకు. చిన్న టెలిస్కోప్‌కు అందే పెద్ద వస్తువులు ఇన్ని ఉన్నాయి, కొన్నేళ్లు తీసినా తరగవు. రింగ్ నెబ్యులా లాంటి బుల్లి వస్తువులు మాత్రం ఇందులో చుక్కకన్నా కాస్త పెద్దగా కనిపిస్తాయి. వాటి కోసం ఇప్పుడే పొడవాటి గొట్టం కొనకండి.

ఒక నక్షత్రాన్ని గమనిస్తూ మౌంట్‌ను సరిదిద్దే గైడ్ కెమెరాను 'తర్వాత చూద్దాం' అని వదిలేయొద్దు. పీహెచ్‌డీ2 అనే గైడింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. ఫ్రేములను కలిపే సిరిల్, డీప్ స్కై స్టాకర్ కూడా ఉచితమే. సాఫ్ట్‌వేర్‌కు మొదటి ఏడాది ఖర్చు పెట్టాల్సిన అవసరం లేదు.

నా దగ్గర డీఎస్ఎల్ఆర్ ఉంది. ఆస్ట్రో కెమెరా కొనక తప్పదా?

ఇప్పుడే అక్కర్లేదు. గెలాక్సీలు, క్లస్టర్లు అది బాగానే తీస్తుంది. ఇబ్బంది ఎర్ర నెబ్యులాల దగ్గర వస్తుంది. చర్మం రంగులు సహజంగా రావడానికి తయారీదారులు సెన్సర్ ముందు పెట్టే ఫిల్టర్ హెచ్-ఆల్ఫాలో ఎక్కువ భాగాన్ని ఆపేస్తుంది. చాలా కెమెరాల్లో లోపలికి చేరేది నాలుగో వంతు, కొన్నిట్లో అదీ ఉండదు. దాని మీద మళ్లీ డ్యూయల్ బ్యాండ్ పెడితే ఎక్స్‌పోజర్ గంటలు కరిగిపోతాయి. కెమెరా పాతదై, పగటి ఫొటోలకు వాడటం మానేసి ఉంటే ఆ ఫిల్టర్ తీయించే 'మోడిఫికేషన్' మంచి దారి. ఇంట్లో మీరే విప్పొద్దు, ఆ పని తెలిసినవారితో చేయించండి. వేడి రాత్రుల్లో సెన్సర్ నాయిస్ విసిగిస్తుంటే అప్పుడు సెన్సర్‌ను చల్లబరిచే కూల్డ్ కెమెరా వైపు వెళ్లండి.

3 నానోమీటర్ల ఫిల్టర్ 7 నానోమీటర్ల దానికన్నా మేలా?

దీపాల వెలుగు బాగా ఉన్నచోట మేలే. కానీ ఎఫ్/2 లాంటి వేగమైన ఆప్టిక్స్‌లో కిరణాలు ఏటవాలుగా పడి, ఫిల్టర్ కిటికీ నీలం వైపు జరుగుతుంది. సన్నని కిటికీ అయితే అసలు గీతే బయట పడిపోవచ్చు. అలాంటివారు దానికోసమే కిటికీని ముందే జరిపి చేసిన ప్రీషిఫ్టెడ్ ఫిల్టర్లు తీసుకోవాలి. ఎఫ్/5, ఎఫ్/6 వాళ్లకు ఈ టెన్షన్ లేదు.

కొత్త ఫిల్టర్ పెట్టినప్పటి నుంచి ఫొటో మూలల్లో నక్షత్రాలు సాగినట్టు వస్తున్నాయి, ఫోకస్ కూడా కుదరట్లేదు. ఏం చేయాలి?

ముందు మూలల సంగతి. ఫ్లాట్‌నర్‌కూ సెన్సర్‌కూ మధ్య తయారీదారు చెప్పిన దూరం ఉండాలి. చాలా వాటికి అది 55 మిల్లీమీటర్లు. మధ్యలో ఫిల్టర్ గాజు వస్తే, దాని మందంలో మూడో వంతు దూరం కలపాలి. 2 మిల్లీమీటర్ల ఫిల్టర్ అయితే సుమారు 0.7, అంటే 55.7. పల్చటి స్పేసర్ రింగులు దొరుకుతాయి, ఒక్కొక్కటే వేసి చూడండి. నక్షత్రాలు మధ్య నుంచి బయటికి చువ్వల్లా సాగితే సాధారణంగా సెన్సర్ మరీ దగ్గరగా ఉన్నట్టు. మధ్యభాగం చుట్టూ తిరుగుతున్నట్టు వంగితే మరీ దూరంగా ఉన్నట్టు. ఒక్క మూలే పాడైతే అది దూరం సమస్య కాదు, కెమెరా కాస్త వాలి ఉంది. స్క్రూల బిగింపు చూసుకోండి.

ఇక ఫోకస్. ఫిల్టర్ మారితే ఫోకస్ బిందువు కూడా జరుగుతుంది, పాత గుర్తు దగ్గర ఆపితే కుదరదు. బాటినోవ్ మాస్క్ వాడండి. పావెల్ బాటినోవ్ 2005లో రూపొందించిన ఈ చీలికల మూతను టెలిస్కోప్ ముందు తగిలించి, ఒక ప్రకాశమైన నక్షత్రం వైపు తిప్పి, కొన్ని సెకన్ల ఫొటో తీయండి. నక్షత్రం చుట్టూ ఇంటూ గుర్తులా రెండు గీతలు, వాటి మధ్యలో మూడో గీత కనిపిస్తాయి. ఫోకసర్‌ను వెంట్రుకవాసి తిప్పుతుంటే ఆ మూడో గీత పక్కకు జరుగుతుంది. అది ఇంటూ గుర్తుకు సరిగ్గా నడుమకు వచ్చినప్పుడు ఆపి, ఫోకసర్ బిగించండి. డ్యూయల్ బ్యాండ్‌తో గీతలు సన్నగా, మసకగా ఉంటాయి కాబట్టి ఎక్స్‌పోజర్ పెంచండి. రాత్రి చల్లబడే కొద్దీ గొట్టం సంకోచించి ఫోకస్ మళ్లీ జారుతుంది, గంటకోసారి ఫ్రేమ్ చూసుకోండి. మాస్క్ తీయడం మరిచిపోవద్దు. ఆ మూడు గీతలు రాత్రంతా ప్రతి నక్షత్రం మీదా అచ్చయిన ఫైళ్లు నాకు ఇప్పటికే ముగ్గురు పంపారు.