వేళ్లు పొట్టిగా వచ్చాయి, మందు పనిచేయనట్టేనా?

ప్రశ్న: మొక్కజొన్న వేసేముందు ఎకరాకు 4 కిలోల హ్యూమిక్ గుళికలు (కుళ్లిన సేంద్రియ పదార్థం నుంచి వచ్చే హ్యూమిక్ ఆమ్లం ఉన్నవి) వేస్తే వేళ్లు బాగా దిగుతాయన్నారు. కొనేముందు చూద్దామని రెండు కుండీల్లో కిలో చొప్పున మట్టి నింపి, ఒకదాంట్లో చెంచాడు గుళికలు కలిపి గింజలు వేశాను. అందులో మొక్క పచ్చగా ఉంది కానీ వేళ్లు పొట్టిగా ఉన్నాయి. ఈ మందు దండగేనా?

జవాబు: అప్పుడే ఆ మాట అనకండి. డబ్బు పెట్టేముందు కుండీలో చూసుకోవడం చాలా మంచి పని, అందరూ చేస్తే ఎంత బాగుంటుందో. కాకపోతే ఆ చెంచా దగ్గరే లెక్క తప్పింది. ఎకరంలో పైన 15 సెంటీమీటర్ల మట్టి దాదాపు 9 లక్షల కిలోలు తూగుతుంది, అందులో 4 కిలోలంటే కిలో మట్టికి నాలుగున్నర మిల్లీగ్రాములు కూడా రావు. చెంచాలో 5 గ్రాములు పట్టిందనుకున్నా మీరు వేసింది వెయ్యి రెట్ల పైమాటే! అంత మోతాదులో లవణాలు ఎక్కువై వేరు కొనలు మాడిపోవచ్చు. ఆకు పచ్చదనం గుళికల్లో కలిపిన పోషకాల వల్ల కూడా రావచ్చు, సంచి మీద ఏమేం రాశారో ఒకసారి చదవండి.

మళ్లీ చేయండి, ఈసారి ఇలా. గుళికలను మెత్తగా నూరి, ఒక గ్రాము పొడిని కిలో జల్లించిన పొడి మట్టిలో బాగా కలపండి. ఆ మట్టిలోంచి నాలుగున్నర గ్రాములు తీసి కుండీలోని కిలో మట్టిలో కలిపితే ఎకరా మోతాదు సరిపోతుంది. మందును సాళ్లలోనే వేస్తారనుకుంటే గింజ దగ్గర ఎక్కువే పడుతుంది కాబట్టి, దానికి పది రెట్లతో ఇంకో వరస పెట్టండి. మందు లేని కుండీలు తప్పనిసరి. ఒక్కొక్కటి కాదు, ప్రతి రకానికీ కనీసం ఐదు, ఎందుకంటే గింజకూ గింజకూ సహజంగానే తేడా ఉంటుంది. మట్టి మీరు పంట వేయబోయే చేలోదే తీసుకోండి, నీళ్లు కొలిచి పోయండి, కుండీల చోట్లు మారుస్తూ ఉండండి.

రెండు మూడు వారాలకు, వేళ్లు అడుగున చుట్టుకోకముందే తీసి చూడాలి. పీకొద్దు, పీకితే పీచు వేళ్లు మట్టిలోనే తెగిపోతాయి, మనం చూడాల్సింది ముఖ్యంగా వాటినే. కుండీని బకెట్ నీళ్లలో నానబెట్టి, జల్లెడ మీద మెల్లగా కడగండి. సెంటీమీటర్ గళ్లు గీసిన పళ్లెంలో కొద్దిగా నీళ్లు పోసి వేళ్లను పరవండి. అడ్డం, నిలువు గీతలను వేళ్లు ఎన్నిచోట్ల దాటాయో లెక్కపెట్టి 0.79తో గుణిస్తే, మొత్తం పొడవు సెంటీమీటర్లలో వస్తుంది. ఓపిక కావాలి గానీ కంటి అంచనా కంటే ఎంతో నయం.

ఇంకో సంగతి, పొడుగు వేరంటే మంచి వేరని అనుకోవద్దు. నత్రజనిగానీ భాస్వరంగానీ చాలకపోతే మొక్క ఆకు కంటే వేరు మీదే ఎక్కువ పెట్టుబడి పెడుతుంది, అందుకని వేరునూ పైమొక్కనూ విడివిడిగా ఎండబెట్టి రెండూ తూయండి. వేరు కొనలు తెల్లగా ఉన్నాయా, గోధుమ రంగుకు తిరిగాయా కూడా చూడండి. మందు వేసినవాటి కొలతలు, వేయనివాటి కొలతలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతుంటే ఆ మందు కొనక్కర్లేదు. తేడా స్పష్టంగా ఉంటే మాత్రం ముందు చేలో నాలుగు సాళ్లకే వేసి, పక్క సాళ్లు వదిలేసి చూడండి. ఆ పక్కనే ఒక అడుగున్నర గొయ్యి తీయండి, దున్నిన లోతు కింద మట్టి గట్టిగా పలకలా ఉంటే ఏ గుళికలూ వేరును కిందికి దించలేవు, ముందు ఆ పొరను పగలగొట్టాల్సిందే.